మెడ దాటని చెయ్యి

జూన్ 8, ఆదివారం. కాప్రా.

రేపటి నుంచి శిక్షణ. నాచారం పారిశ్రామికవాడలోని ఒక పరిశోధన కేంద్రంలో, రెండు వారాలు. విషయం: నానో బయోటెక్నాలజీ, నానో పదార్థాలతో భద్రంగా పనిచేయడం. పాఠాలు తక్కువ, చేత్తో చేసే పని ఎక్కువ అని ఉత్తరంలో రాశారు.

వెళ్ళడానికి కారణం ఒకటే. మా డిగ్రీ కాలేజీ మేడ మీద చిన్న నానో ల్యాబ్ కట్టి ఏడాది దాటింది. అప్పటి నుంచీ తాళమే. భద్రతా సర్టిఫికెట్ ఉన్న అధ్యాపకుడు ఒకరైనా ఉంటేనే తెరవాలని నిబంధన. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది నేను. ఆ ఒకరు నేనే కావాలి. ఫైనలియర్‌లో భాగ్యశ్రీ, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు వెండి నానో కణాలు పూసిన గాయం కట్టు మీద ప్రాజెక్టు రాసుకుని ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఉత్త చేతులతో వస్తే ఈ నెల 23న ఆ గదిలోకి కోచింగ్ పుస్తకాల కట్టలు దిగుతాయి. ప్రిన్సిపాల్ మురళీధర్ గారు ఈ మాట నవ్వుతూ చెప్పారు. వ్యాను అప్పటికే మాట్లాడేశారు.

ముందుగా పంపిన సూచనల్లో మొదటిది: ల్యాబ్‌లో ఉన్నంతసేపు మెడకు పైన చెయ్యి వేయరాదు. కళ్ళు, ముక్కు, నోరు, ఇవి పొడి లోపలికి పోయే దారులు. చివరి రోజు పరీక్ష కూడా దీని మీదే.

నాకు మీసం దువ్వుకునే అలవాటు ఉంది. క్లాసులో, బస్సులో, నిద్రలో కూడా దువ్వుకుంటానని మా ఆవిడ రాజశ్రీ అంటుంది.

నిర్ణయం: ల్యాబ్‌లోనే కాదు, ఇంట్లో, రోడ్డు మీద, ఎక్కడైనా సరే, ఈ రెండు వారాలు మెడకు పైన చెయ్యి వేయను. ఇది ల్యాబు, ఇది ఇల్లు అని చేతికి తెలియదు కదా. స్నానం, పళ్ళు తోముకోవడం, అన్నం మినహాయింపు. అంతే.

రాజశ్రీ ఉప్పల్‌లో పుట్టి పెరిగింది. ఈ రోజు మృగశిర కార్తె, చేప లేకపోతే ఊరుకోదు. రాత్రి కొర్రమీను పులుసు. ముల్లు పంటి సందులో ఇరుక్కుంది. వేలు పెట్టి తీసుకున్నాను. అన్నం కిందికే వస్తుంది.

"రేపటి సంది మీ మీసం దిక్కులేనిదైతది" అంది రాజశ్రీ.

జూన్ 9, సోమవారం.

మొత్తం పద్నాలుగు మందిమి. నేర్పేది డాక్టర్ ఉమ, అక్కడి భద్రతాధికారి. గొంతు పెంచదు. పెంచవలసిన అవసరమూ రాలేదు.

నాకు జతగా పడిన మనిషి లక్ష్మీకాంత్. ఘట్‌కేసర్ దగ్గర కాలేజీలో బోటనీ చెబుతాడు. నారపల్లి మీదుగా, ఫ్లైఓవర్ పనుల మధ్య నుంచి బండి మీద వస్తాడు. వచ్చేసరికి కనుబొమలు తెల్లగా ఉంటాయి.

ఈ రోజు నేర్చినవి. చేతికి రెండు జతల గ్లోవ్స్. పైది లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి తీయాలి. గుమ్మం దగ్గర అంటుకునే చాప, చెప్పుల దుమ్ము అక్కడే ఆగాలి. పొడి చీపురు పూర్తిగా నిషేధం. తడిబట్టతో తుడవాలి.

"ఊడిస్తే పోతది గద మేడం?" అన్నాడు లక్ష్మీకాంత్.

"పోదు సార్. లేస్తది. గాలిల గంటలు గంటలు ఉంటది" అంది ఉమ. "కండ్లకు కనిపించే దుమ్ముతోని మనకు పంచాయితీ లేదు. కనిపించనిదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతది."

రోజంతా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి కూడా తాకలేదు. సాయంత్రం లక్ష్మీకాంత్ అడిగాడు.

"అన్నా, ఏమన్న కేసయిందా? బోనెక్కినోని తీరు కూసున్నరు."

నిర్ణయం చెప్పాను. ఆలకించాడు. "మస్తున్నది" అని వెంటనే ముక్కు గోక్కున్నాడు.

చాలా తేలిక. ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదో తెలియదు.

జూన్ 10, మంగళవారం.

బంగారు నానో కణాలు చేశాం. లేత పసుపు ద్రావణం మరుగుతుండగా సిట్రేట్ పోస్తే ముందు రంగు పోతుంది, తర్వాత నల్లబడుతుంది, చివరికి నేరేడు పండు రసంలా ఎర్రబడుతుంది. పుస్తకంలో చదివి ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. కళ్ళతో చూడడం ఇదే మొదటిసారి. భాగ్యశ్రీ వాళ్ళకు చూపించాలి.

ఒక ఇబ్బంది. ఆవిరికి కళ్ళద్దాలు జారుతున్నాయి. భుజంతో పైకి తోశాను. భుజం చెయ్యి కాదు. మధ్యాహ్నం నుంచి భుజం నొప్పి.

సవరణ: కళ్ళద్దాలు ముఖంలో భాగం కావు. బయట దొరికే వస్తువులు. ల్యాబ్ బయట వాటిని చేత్తో సర్దుకోవచ్చు.

జూన్ 11, బుధవారం.

వెండి. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేపాకు కషాయం కలిపి పక్కన పెట్టాం. ముందు గంజి రంగు, తర్వాత తేనె రంగు, గంట గడిచాక ఇంగువ రంగు. అదే కణాలు తయారైన గుర్తు. లక్ష్మీకాంత్ వేపాకు వాళ్ళ పెరట్లోంచి తెచ్చాడు. కషాయం చేదుగా ఉందో లేదో రుచి చూడబోయాడు. ఉమ చూసింది. అతను చూడనట్టు కషాయానికి మూత పెట్టాడు.

రంగు మారే దాకా గంటసేపు కూర్చుని లెక్కలు రాసుకున్నాను. మనసు పని మీదే ఉంది. చెయ్యి గురించి ఆలోచించే అవసరమే రాలేదు.

నిర్ణయం బాగా నిలబడుతోంది. మూడో రోజూ మచ్చ లేదు.

జూన్ 12, గురువారం.

మచ్చ ఉంది.

అద్దంలో చూశాను. మీసం కింద, కుడి వైపున, గోధుమ గింజంత నల్లటి చుక్క. సబ్బుతో పోలేదు. నిమ్మచెక్కతో పోలేదు. సిల్వర్ నైట్రేట్ చర్మానికి తగిలి వెలుతురు పడితే నల్లబడుతుంది. పదో తరగతి పుస్తకంలో ఉంటుంది. అంటే నిన్న నా చెయ్యి మీసం దాకా వెళ్ళింది. ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు.

"రంగేసుకున్నరా?" అంది రాజశ్రీ. "ఏసుకుంటే రెండుదిక్కుల ఏసుకోరాదా."

ఉమ నా ముఖం చూసి ఆగింది.

"ఇదెప్పటిది సార్?"

"నిన్నటిది."

"చెయ్యి ఎప్పుడు పోయిందో గుర్తున్నదా?"

"లేదు."

"అదే సార్ నేను మొదటిరోజు సంది చెప్తున్నది. ఎవరికీ గుర్తుండది." తర్వాత అందరి వైపు తిరిగి చెప్పింది. "సార్ గ్లోవ్ తీసేటప్పుడు వేళ్ళకు అంటింది. అది తప్పు. మీసం కాడికి పోయింది, అది ఇంకో తప్పు. వెండి కాబట్టి నల్లగై చెప్పింది. వేరే పొడి అయితే చెప్పదు."

పదమూడు మంది నా పెదవి వైపు చూశారు. చుక్క పోవడానికి వారం పైనే పడుతుందట. పాత చర్మం రాలాలి.

జూన్ 13, శుక్రవారం.

సవరణ: మీసం వెంట్రుక. వెంట్రుకలో ప్రాణం లేదు. కాబట్టి ముఖం కాదు. చర్మానికి తగలకుండా కొసలు మాత్రం సర్దుకోవచ్చు.

ఈ సవరణ లక్ష్మీకాంత్‌కు చదివి వినిపించాను.

"గట్లయితే జుట్టు గూడ కాదు. గడ్డం గూడ కాదు. కనుబొమలు గూడ కాదు" అన్నాడు. "ఇగ మీకు ముక్కొక్కటే మిగిలింది అన్నా."

సవరణ ఉంచాను.

జూన్ 14, శనివారం.

సెలవు. రాజశ్రీకి ఈ వ్యవహారం నచ్చింది. అమ్మాయి చిన్నప్పుడు డాన్సు క్లాసుకు కట్టుకున్న మువ్వలు అటక మీంచి దించింది. ఒక వరస కోసి నా కుడి మణికట్టుకు కట్టింది.

"చెయ్యి లేస్తే మోగాలె. వంటింట్ల ఉన్నా నాకు ఇనపడాలె."

పొద్దున్నే చాలాసార్లు మోగింది. "నేను కాదు, పేపరు తిరగేస్తున్నాను" అన్నాను. "పేపరు గింత ముద్దుగ మోగదు" అని వంటింట్లోంచే అంది.

సాయంత్రం ఏఎస్ రావు నగర్ మార్కెట్‌కు వెళ్ళాం. మువ్వలు విప్పనివ్వలేదు. మామిడిపళ్ళ బండి దగ్గర పండు వాసన చూడడానికి చెయ్యి ఎత్తాను. బండి ఆవిడ తలెత్తింది.

"ఏంది సారూ మువ్వలు, ఈసారి బోనాలకు పోతరాజు మీరేనా?"

పక్కన నిమ్మకాయలు ఏరుకుంటున్న ముసలాయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "పోతరాజుకు పొట్ట సరిపోతది. మీసం జర చిన్నగైతది" అన్నాడు.

రాజశ్రీ నవ్వుతూ మామిడిపళ్ళు బేరం చేసింది. ధర తగ్గించారు.

జూన్ 15, ఆదివారం.

మువ్వలు విప్పేశాను. ఆదివారం చేతికి కూడా సెలవు ఉండాలి.

జూన్ 16, సోమవారం.

మీసం తీసేశాను.

రాత్రంతా ఆలోచించి చేసిన పని. మీసం ఉంటే చెయ్యి వెళుతుంది. లేకపోతే ఎక్కడికి వెళుతుంది. స్నానాల గదిలో పది నిమిషాల్లో అయిపోయింది. పెళ్ళినాటి నుంచి ఉన్న మీసం.

రాజశ్రీ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది. "మా తమ్ముని తీరున్నరు" అంది చివరికి. టీ ఇచ్చి వెళ్ళిపోయింది. తర్వాత వంటింట్లోంచి నవ్వు వినిపించింది. ఉప్పల్‌లో ఉన్న చెల్లెలికి ఫోను కూడా చేసినట్టుంది.

నల్ల చుక్క పోలేదు. ఇప్పుడు దానికి అడ్డం ఏమీ లేదు.

"ఇల్లు కూలగొట్టి బోర్డు ఉంచినట్టున్నది అన్నా" అన్నాడు లక్ష్మీకాంత్.

చెయ్యి ఇప్పటికీ వెళుతోంది. పైపెదవి దాకా వెళ్ళి, అక్కడ ఏమీ దొరకక, ముక్కు మీదికి జారుతోంది. మీసం ఉన్నప్పుడు మీసం దగ్గరే ఆగేది. ముక్కు, లోపలికి పోయే దారి. లెక్క ప్రకారం పరిస్థితి అధ్వానం అయింది.

జూన్ 17, మంగళవారం.

మాస్కుల రోజు. ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో పరీక్షించారు. తల మీద సంచి లాంటిది కప్పి లోపల చేదు మందు చల్లుతారు. చేదు తెలిస్తే మాస్కు వదులు. మీసం లేకపోవడం వల్ల నాకు చేదు తెలియలేదు. గుబురు గడ్డం ఉన్న కుర్ర పరిశోధకుడికి మూడుసార్లు తెలిసింది. నా మీసం వృథా పోలేదు.

మధ్యాహ్నం గాలి పీల్చే పెట్టెలో చేతులు పెట్టి టైటానియం ఆక్సైడ్ పొడి తూచాం. మాస్కు కింద దురద. మాస్కు పైనుంచి గోక్కున్నాను. మాస్కు ముఖం కాదనే సవరణ ఉమ ముందు పెట్టాను.

"మాస్కు ముంగటి దిక్కే అన్నిటికంటే ఎక్కువ పొడి ఉంటది సార్" అంది. సవరణ వీగిపోయింది.

ప్రిన్సిపాల్ గారి ఫోను. "శుక్రవారం సర్టిఫికెట్ ఇస్తారుగా? వ్యాను అతను అడుగుతున్నాడు."

"ఇస్తారండి."

"మీరు ఇస్తారంటే ఆపేస్తాను. లేదంటే సోమవారం దింపేస్తాడు. ఆ గది ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదండీ."

జూన్ 19, గురువారం.

రిహార్సల్. పరీక్ష పద్ధతి ఇది. నిజమైన నానో పొడికి బదులు మెరిసే పొడి ఇస్తారు. హాని లేనిది, మామూలు వెలుతురులో కనిపించదు. దాన్ని తూచి, నీళ్ళలో కలిపి, బల్ల తుడిచి, పై గ్లోవ్స్ తీసి, కోటు, రక్షణ కళ్ళజోడు తీసి, చివరికి లోపలి గ్లోవ్స్ తీసి, చేతులు కడిగి బయటికి రావాలి. లైట్లు ఆర్పి నీలం టార్చి వేస్తారు. పొడి అంటిన చోటల్లా పచ్చగా వెలుగుతుంది. మెడకు పైన ఎక్కడ వెలిగినా ఫెయిల్. జతలో ఒకరినొకరు చెక్ చేసి కాగితం మీద టిక్ పెట్టాలి.

రిహార్సల్‌లో నేను శుభ్రం. లక్ష్మీకాంత్ చెవి వెనక చుక్క.

రాత్రి భాగ్యశ్రీ మెసేజ్: సర్, సోమవారం ల్యాబ్ కోట్లు తెచ్చుకోమంటారా?

తెచ్చుకోండి అని రాశాను.

జూన్ 20, శుక్రవారం.

జరిగింది జరిగినట్టు.

పదకొండింటికి నా వంతు. తూచాను. ఒలకలేదు. కలిపాను. బల్ల ఒకే దిశలో తడిబట్టతో తుడిచాను. పై గ్లోవ్స్ లోపలిది బయటికి. కోటు మడత. రక్షణ కళ్ళజోడు, దాంతో పాటే నా కళ్ళద్దాలు. ఇక లోపలి గ్లోవ్స్ ఒక్కటే. చెయ్యి ఎక్కడికీ వెళ్ళలేదు. ఈసారి నాకు తెలుసు. కళ్ళతో చూస్తూనే ఉన్నాను.

మోచెయ్యి తగిలి బల్ల అంచున ఉన్న రికార్డు పుస్తకం జారింది. నా కాలి మీద పడింది.

వంగి తీశాను. బల్ల మీద పెట్టాను. గ్లోవ్స్ తీశాను. చేతులు కడిగాను. బయటికి వచ్చాను.

లక్ష్మీకాంత్ కాగితం మీద అన్ని గళ్ళలోనూ ముందే టిక్ పెట్టి నిలబడ్డాడు. "మీరు మస్తు జేసిన్రన్నా, సూసేదేమున్నది" అన్నాడు. లైటు ఆర్పి టార్చి వేశాడు. టార్చి పక్కకి తిప్పాడు. మళ్ళీ నా మీదికి తెచ్చాడు.

"అన్నా" అన్నాడు, గొంతు తగ్గించి. "నాకేం కనపడలే. మీరు సప్పుడు జెయ్యకుండ మొకం కడుక్కొని రాండ్రి."

గోడకున్న అద్దంలో చూసుకున్నాను. రెండు కనురెప్పలూ పచ్చగా వెలుగుతున్నాయి. నుదుటి మధ్య కూడా. పుస్తకం కాలికి తగిలింది. తీశాను. కళ్ళకద్దుకున్నాను. అది చేసినట్టు నాకు గుర్తు లేదు. చేయకుండా ఉండడం ఎలాగో కూడా తెలియదు. అక్షరం వచ్చినప్పటి నుంచీ అంతే.

ఉమ పక్క గదిలో ఉంది. కాగితం మీద టిక్ ఉంది. కడుక్కుంటే నిమిషం పని. సోమవారం వ్యాను ఆగుతుంది, గది తెరుచుకుంటుంది.

గది తెరిచాక ముగ్గురు పిల్లలు లోపల పొడి తూస్తారు. అక్కడ టార్చి పట్టుకుని నిలబడేది నేను. ఎవరి ముఖం మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఇది మొదటి రోజు అనిపించింది.

"మేడం, ఒకసారి రండి" అన్నాను.

లక్ష్మీకాంత్ కళ్ళు మూసుకున్నాడు.

ఉమ వచ్చి చూసింది. "రెండు కండ్లకూ ఒక్కతీరు. ఏం జేసిన్రు సార్?"

"పుస్తకం కాలి మీద పడింది."

ఆమెకు ఇంకేం చెప్పనక్కర్లేదు. ఆమె వెనకే వచ్చిన మా బ్యాచ్ వాళ్ళలో ఎవరో అన్నారు, "అది ముట్టుకోవడం కాదు మేడం. దండం."

"నిజమే" అంది ఉమ. "నేనైనా జేస్తుంటి కావచ్చు. గని పొడికి భక్తి తెల్వదు."

తర్వాత కాగితం తీసుకుంది. టిక్కులు చూసింది. "చెక్ చేసింది ఎవరు?"

లక్ష్మీకాంత్ నేల వైపు చూశాడు. చెవి వెనక కూడా చూడకుండానే అతన్నీ ఫెయిల్ చేసింది.

ఇద్దరికీ జూలై 4న, తర్వాతి బ్యాచ్‌తో మళ్ళీ పరీక్ష. వెళ్ళేముందు ఉమ అడిగింది. "ఒక్క ఫొటో తీసుకోవచ్చా సార్? పేరు రాయం. కండ్లు మాత్రమే. కొత్తగా వచ్చేటోళ్ళకు మొదట ఇదే చూపిస్త." కాదనడానికి కారణం దొరకలేదు. కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాను. ఇంట్లో సాధన చేసుకోమని చిన్న సీసాలో మెరిసే పొడి, ఒక టార్చి ఇచ్చింది.

లక్ష్మీకాంత్ బండి పొద్దున్న పంక్చరైంది. ఉప్పల్ రింగురోడ్డు దాకా నా స్కూటర్ మీద దింపాను. సర్వే ఆఫ్ ఇండియా గోడ దాటాక వెనక నుంచి ముందుకు వంగాడు.

"మీ నిజం ఇంట్ల పెట్టి వస్తే ఏమైతుండె అన్నా."

"నువ్వు చూడకుండా టిక్ ఎందుకు పెట్టావు?"

"దోస్తు గదాని పెట్టిన. ఇగ ఇంటికి పోయి ఏం జెప్పాలె? ఎవలో పుస్తకానికి దండం పెట్టిండు, అందుకని నేను ఫెయిలైన అనాల్నా?"

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి అరిచాడు. "జూలైల నా టార్చి నేను తెచ్చుకుంట. మీరు మాత్రం గుడికొచ్చినట్టు చెప్పులు ఇప్పి రాండ్రి."

రాజశ్రీకి చెప్పాను. ఈసారి నవ్వలేదు. "పుస్తకం తొక్కి కండ్లకు అద్దుకోకుంటే, మా అమ్మ మిమ్మల్ని గడప దాటనియ్యకపోతుండె" అంది. అన్నం వడ్డిస్తూ, "పిల్లలకు ఏం జెప్తరు?" అంది.

భాగ్యశ్రీకి ఇంకా చెప్పలేదు.

జూన్ 21, శనివారం.

ప్రిన్సిపాల్ గది.

"అంటే ఫెయిలయ్యారు" అన్నారు మురళీధర్ గారు.

"అవునండి."

"ముఖం మీద చెయ్యి వేసుకున్నందుకు."

"అవునండి. జూలై 4న మళ్ళీ ఉంది. అప్పటిదాకా గది అలా ఉంచితే..."

"ఫణీంద్ర గారూ, ఇది ఎల్‌కేజీ పిల్లలకి పెట్టే పరీక్షండీ. చేతులు కట్టుకో, కదలకు. మీరు పీజీ చదివారు." కుర్చీలో వెనక్కి వాలారు. "ఇది నేను చేసి చూపిస్తాను. పొడి తెచ్చానన్నారుగా, తీయండి."

షరతు కూడా ఆయనే పెట్టారు. పావుగంట తన సీట్లో తన పని చేసుకుంటారు. మెడకు పైన ఏమీ వెలగకపోతే సోమవారం కట్టలు మేడెక్కుతాయి. వెలిగితే జూలై 4 దాకా గది నాది.

ఆయన చూస్తుండగానే పెన్నుకు, బల్ల అద్దానికి పొడి రాశాను. ఏమీ కనిపించలేదు. "ఇంతేనా" అన్నారు.

ఫీజు రాయితీ దరఖాస్తుల మీద సంతకాలు చేశారు. శ్రద్ధగా, చేతులు బల్ల మీదే ఉంచి. నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. తర్వాత కరస్పాండెంట్ ఫోను. కొత్త బిల్డింగు గురించి. ఆయన వింటున్నారు, అవునండి, అలాగేనండి అంటున్నారు. అటెండరు టీ పెట్టి వెళ్ళాడు. నేను ఎదురు కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూశాను. ఆయన సమయం చూసుకుని "అయింది" అన్నారు. "ఎక్కడైనా తాకానా?"

"నేను చెబితే మీరు నమ్మరండి" అని కర్టెన్లు వేసి టార్చి వెలిగించాను.

ముక్కు కొస. ఎడమ చెవి అంతా. నుదుటి మీద మూడు వేళ్ళు, కరస్పాండెంట్ ఖర్చు అడిగినప్పటివి. జేబురుమాలు. ఫోను. టీ కప్పు అంచు మీద పెదవుల ఆకారం.

ఆయన ఫోను కెమెరాలో తనను తాను చూసుకున్నారు. కప్పు చూశారు. కప్పు దూరంగా జరిపారు.

"ఇది నిజం పొడి అయి ఉంటే?"

"అందుకేనండీ తాళం."

ఆ టార్చి నా చేతిలోంచి తీసుకుని నా వైపు తిప్పారు. ఆ తర్వాత ఆయన నవ్వడం చూశాను. ఫోనులో ఫొటో తీసి చూపించారు. నా పైపెదవి ఈ చివరి నుంచి ఆ చివరికి పచ్చగా ఉంది.

ఇద్దరం చేతులు కడుక్కున్నాం, ముఖం కడుక్కున్నాం. వ్యాను అతనికి ఆయనే ఫోను చేశారు. "మేడ మీదికి వద్దయ్యా. నా గదిలో దింపు. ఆ, నా గదిలోనే. కుర్చీకి చోటు వదులు."

భాగ్యశ్రీకి మెసేజ్ పెట్టాను. ల్యాబ్ కోట్లు జూలైలో. కారణం సోమవారం చెబుతాను. ఫెయిలయ్యాను అని కూడా రాశాను. కాసేపటికి జవాబు: సర్, దేంట్లో?

జూన్ 23, సోమవారం.

నిర్ణయం: మెడకు పైన చెయ్యి వేయను. ఈసారి సవరణలు లేవు. కళ్ళద్దాలకు తాడు కట్టించాను. మొదటి రోజు.

పొద్దున కట్టలు దిగాయి. ప్రిన్సిపాల్ గదిలో మూడు గోడల వెంట, కిటికీ సగం దాకా. ఆయన మధ్యలో కూర్చున్నారు. పిల్లలు ముగ్గురికీ జరిగింది చెప్పాను. భాగ్యశ్రీ సానుభూతి చూపడానికి ప్రయత్నించింది. మిగతా ఇద్దరూ బయటికి వెళ్ళి నవ్వి వచ్చారు.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారి ఫోను.

"ఫణీంద్ర గారూ, నేను కూడా పొద్దున్నుంచి చేస్తున్నాను. ఒక సందేహం. చెవి కూడా లెక్కలోకి వస్తుందా?"

"మెడకు పైనున్నదంతా వస్తుందండి."

ఆయన ఫోను చెవి మార్చిన చప్పుడు. "మరి ఈ ఫోను?"

"స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచండి."

ఉంచారు. గొంతు దూరంగా వచ్చింది. "ఈ కట్టలు ఎక్కడ నిల్వ పెట్టారో ఏమో, ఒకటే దుమ్ము. ముక్కు దురదగా ఉంది. ఏం చెయ్యాలి?"

"చేతులు కడుక్కుని గోక్కోవచ్చండి."

"కుళాయి కట్టల వెనక ఉండిపోయింది."

"అయితే ఓర్చుకోవాలండి."

"జూలై నాలుగు దాకానా?"

"గది తెరిచాక కూడానండి."

ఆయన ఏదో అనబోయారు. తుమ్ము వినిపించింది. పెద్దదే. చెయ్యి అడ్డం పెట్టుకున్నారో లేదో అడగలేదు.

రేపు ఆయనకు మళ్ళీ మొదటి రోజు. నాకు కూడా. నవ్వు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.